మేస్త్రి కనబడని మధ్యాహ్నం

డాక్టరమ్మ నాలుగింటికి వస్తానంది. మూడు దాటినా మా పిల్లి కనబడలేదు.

సరిగ్గా నడవలేని పిల్లి. పొద్దున లేచి నీళ్ళ గిన్నె దాకా వెళ్ళడానికే మధ్యలో ఆగి కూర్చునే పిల్లి. కిడ్నీలు పాడై, కండంతా కరిగిపోయి, వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలే తగిలే పిల్లి. అది ఎక్కడికి పోతుంది? ముందు నాకు కోపం వచ్చింది. నాకు ఏదైనా ముందు కోపంగానే వస్తుంది, అసలు సంగతేమిటో తర్వాత తెలుస్తుంది.

మాది సోఫాలూ కుర్చీలూ బాగుచేసే షాపు. ముందు గది షాపు, వెనక గదులు ఇల్లు. స్ప్రింగులు, నవారు, పైగుడ్డ బిగించడం అన్నయ్య పని. గుడ్డ కత్తిరించి మిషను మీద కుట్టివ్వడం నా పని. వదిన ఫోన్లెత్తుతుంది, కొలతలు తీసుకుంటుంది, మా ఇద్దరికీ చెడినప్పుడు మధ్యలో గోడలా నిలబడుతుంది. పిల్లి పేరు మేస్త్రి. ఆడదే, అయినా మేస్త్రే. ఏ సోఫా పూర్తయినా ముందు తనే ఎక్కి, నాలుగు మూలలూ తొక్కి, వాసన చూసి, నచ్చితే పడుకునేది. నచ్చకపోతే తోక ఎత్తి దిగిపోయేది. మేస్త్రి పాస్ చెయ్యలేదంటే అన్నయ్య గొణుక్కుంటూ మళ్ళీ మేకులు ఊడదీసేవాడు. వదిన కాపురానికి వచ్చేనాటికే అది ఈ ఇంట్లో పెద్దరికం చేస్తోంది. "అత్తగారు లేని ఇల్లని సంబరపడి వచ్చాను. ఇదొకతి ఉందని ఒక్కళ్ళూ చెప్పలేదు" అని వదిన ఇప్పటికీ దెప్పుతుంది.

జబ్బు చేసి చాలాకాలమైంది. రోజూ తోలు కింద సెలైన్ ఎక్కించాలి. అన్నయ్య పట్టుకునేవాడు, నేను సూది గుచ్చేదాన్ని. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సూదితో బతికే చెయ్యి నాది. అయినా మొదటిరోజు రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. తర్వాత నాకూ అలవాటైంది, దానికీ అలవాటైంది. మొదట్లో సూది దించగానే తల తిప్పి నావైపు ఓ చూపు చూసేది, "నువ్వా, నువ్వేనా ఈ పని చేస్తున్నది" అన్నట్టు. ఈమధ్య ఆ చూడటం కూడా మానేసింది. అది తట్టుకోలేక, ఇక నొప్పి లేకుండా పంపించెయ్యమని పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. పిల్లి మెడలో గంట ఎవరో ఒకరు కట్టాలి కదా. ఈ ఇంట్లో అలాంటి పనులన్నీ నా నెత్తినే పడతాయి.

అన్నయ్య ఒప్పుకోలేదు.

"పొద్దున పాలు తాగింది. పాలు తాగేదాన్ని చంపిస్తావా?" అన్నాడు.

"తాగింది, కక్కింది. కక్కడం నువ్వు చూడలేదు. తుడిచింది నేను" అన్నాను.

అంతే, నాతో మాట్లాడటం మానేశాడు. మామూలుగా అన్నయ్యకి కోపమొస్తే పిల్లి మీదా ఎలక మీదా పెట్టి తిడతాడు. ఈసారి పిల్లిని అనడానికి నోరు రాక సుత్తిని తిట్టాడు, మేకుల్ని తిట్టాడు, నేను కుట్టిన కవరు బాగానే ఉన్నా వంకర పోయిందన్నాడు. డాక్టరమ్మ వచ్చేసరికి తను ఇంట్లో ఉండనని వదినతో చెప్పించాడు. ఒకే గదిలో నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నామప్పుడు.

నేను మాత్రం అన్నీ సిద్ధం చేసుకున్నాను. మిగిలిన వెల్వెట్ ముక్కతో దానికో పక్క కుట్టాను. పెరట్లో చోటు చూసి తవ్వించాను. ముందు ఏ మందిస్తారు, తర్వాత ఏది ఇస్తారు, దానికి ఏమైనా తెలుస్తుందా అని డాక్టరమ్మని విసిగించి మరీ అడిగాను. నాకు కావలసింది ఒక్కటే. అది నా ఒళ్ళో పోవాలి. ఏ చీకటి మూలనో ఒంటరిగా పోకూడదు. దానికి అలాగని మాట కూడా ఇచ్చాను. పిల్లికి మాటివ్వడమేంటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

ఆ పిల్లి ఇప్పుడు లేదు. మంచాల కింద చూశాను. బీరువా వెనక చూశాను. గుడ్డల తానుల మధ్య, స్పాంజి ముక్కల బస్తాలో, మిషను పెడలు కింద చూశాను. వదిన పెరట్లోకి వెళ్ళి "మేస్త్రీ, మేస్త్రీ" అని పిలుస్తుంటే పక్కింట్లో గోడకి సున్నం వేస్తున్నతను "ఏంటమ్మా?" అని తొంగి చూశాడు. వదిన నవ్వలేదు. వదిన నవ్వలేదంటే నాకు భయమేసింది.

సరిగ్గా అప్పుడు వ్యాను ఆగింది. అన్నయ్య దిగాడు. భోజనాలయ్యాక లెక్కల టీచరమ్మ సోఫా దింపి రావడానికి వెళ్ళాడు. రిటైరైన టీచరమ్మ, అన్నయ్యకి చిన్నప్పుడు లెక్కలు చెప్పిందావిడే. సాయంత్రం ఆవిడింటికి ఎవరో వస్తున్నారని, ఇవాళ్టికల్లా సోఫా కావాలని ముందే చెప్పింది. అన్నయ్య పొద్దున్నుంచీ తలెత్తకుండా దాని మీదే కూర్చుని పూర్తి చేశాడు.

నేను గుమ్మంలోనే నిలదీశాను.

"ఎక్కడ దాచావు?"

"ఏంటి దాచేది?" ఎన్నాళ్ళ తర్వాతో నాతో నేరుగా మాట్లాడాడు.

"మేస్త్రిని. డాక్టరమ్మకి దొరక్కుండా ఎవరింట్లో పెట్టి వచ్చావు? సిగ్గులేదా నీకు, ఒంట్లో ఊపిరి ఆడనిదాన్ని ఊళ్ళు తిప్పడానికి?"

అన్నయ్య మొహం పాలిపోయింది. నా వైపు కాదు, నా చేతుల వైపు చూశాడు.

"నేను అటు వెళ్ళగానే కానిచ్చేశావా? నేను వచ్చేదాకా కూడా ఆగలేదా బుజ్జీ?"

నేను దాన్ని చంపించి, పూడ్చిపెట్టి, పైపెచ్చు వెతుకుతున్నట్టు నాటకమాడుతున్నానని నా తోడబుట్టినవాడు అనుకున్నాడు. వాడు దాన్ని ఎత్తుకుపోయాడని నేననుకున్నాను. ఒకే కంచంలో తిని పెరిగాం మేమిద్దరం.

"ఆగండి ఇద్దరూ" అంది వదిన మా మధ్యకి వచ్చి. "ఏమండీ, మీరు దాన్ని ఆఖరుసారి ఎక్కడ చూశారు?"

"ఇక్కడే. నా కాళ్ళ దగ్గరే ఉంది పొద్దున. సోఫాని వెనక్కి పడుకోబెట్టి పని చేస్తుంటే వచ్చి, నా మడమ మీద తల ఆనించి పడుకుంది. నేను కదల్లేదు కూడా. తర్వాత నువ్వు అన్నానికి పిలిచావు."

"అన్నం తిని వచ్చాక ఉందా?"

"చూడలేదు. టీచరమ్మకి ఆలస్యమవుతుందని అడుగు గుడ్డ కొట్టేసి..."

అక్కడ ఆగిపోయాడు.

సోఫా పని తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. సోఫా కింద, స్ప్రింగుల కిందుగా, అంతా బోలుగా ఉంటుంది. చేతులు ఆనించుకునే చోట ఇంకా లోతైన బోలు. అన్ని పనులూ అయ్యాక ఆఖర్న కింద ఓ నల్లగుడ్డ పరిచి, చుట్టూ పిన్నులు కొట్టి మూసేస్తాం. దాన్నే అడుగు గుడ్డ అంటాం. అది కొట్టే ముందు లోపల చెయ్యి పెట్టి మూలమూలా తడమాలి. కత్తెరో, సుత్తో, మేకుల డబ్బానో లోపల మర్చిపోతే మళ్ళీ అంతా విప్పాలి. మా నాన్న నేర్పిన పద్ధతి అది. అన్నయ్య జ్వరంతో పనిచేసిన రోజు కూడా తడమకుండా మూసింది లేదు.

"తడిమావా?" అన్నాను.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "కళ్ళు కనబడలేదు బుజ్జీ. ఏడుపొస్తోంది. నువ్వు చూస్తావని గబగబా కొట్టేశాను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే అందరూ నవ్వుతారు. మేం చంకలోదాన్ని మూటగట్టి పక్క వీధిలో దింపి వచ్చాం. దాన్ని చీకట్లో పోనివ్వనని మాటిచ్చింది నేను. నల్లగుడ్డ వేసి, నాలుగు పక్కలా పిన్నులు కొట్టి, చీకటి చేసి మరీ పంపించాం. వదిన ఒక్కతే తెలివిలో ఉంది. "మీరు పదండి. నేను డాక్టరమ్మని తీసుకుని అక్కడికే వస్తాను" అని మమ్మల్ని వ్యానులోకి తోసింది.

దారిలో అన్నయ్య ఒక్కటే మాట పదిసార్లు అన్నాడు. "వ్యానులో నిలబెట్టి తాడు కట్టాను. గుంతల్లో ఎగిరింది. ఎంత ఎగిరిందో."

నేను "నోరు మూసుకుని నడుపు" అన్నాను. ఓదార్చాలని తెలుసు. నాకు చేతకాలేదు.

లెక్కల టీచరమ్మ ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల గోడవారగా మా సోఫా, ఆకుపచ్చ గుడ్డ, నేను కుట్టిన అంచు. దాని మీద వరసగా టీచరమ్మా ఇంకో ఇద్దరు పెద్దావిడలూ టీ తాగుతూ కూర్చుని ఉన్నారు.

"లేవండి!" అని అరిచాడు అన్నయ్య.

చిన్నప్పుడు ఆవిడ క్లాసులో ఎక్కం అప్పజెప్పడానికి కూడా నోరెత్తనివాడు. ముగ్గురూ టీ కప్పులతో సహా లేచి నిలబడ్డారు.

"ఏమైంది బాబూ? నల్లులా?" అంది టీచరమ్మ చీర దులుపుకుంటూ.

"మా పిల్లి లోపల ఉందండీ" అన్నాను నేను. ఆ మాట బయటికి వచ్చాక అదెంత ఘోరమో నా చెవులకే తెలిసింది.

టీచరమ్మ చేతిలో కప్పు కిందపెట్టింది. "అయ్యో. ఇందాకట్నుంచీ ఈ చివర కూర్చుంటే లోపల ఏదో గురగురమంటోంది. కొత్త స్ప్రింగు అనుకున్నాను. రేపు నీకు చెప్పి చివాట్లు పెడదామనుకున్నాను."

గురగుర. అంటే బతికే ఉంది.

సోఫాని వెనక్కి వాల్చబోతే అన్నయ్య నా చెయ్యి ఆపాడు. వాలిస్తే లోపల దొర్లిపోతుంది. ముందు కాళ్ళు కాస్త ఎత్తాలి, అంతే. టీచరమ్మ లోపలికి వెళ్ళి లావుపాటి లెక్కల పుస్తకాలు మోసుకొచ్చింది. ఆ ఇద్దరు పెద్దావిడలు కొంగులు దోపుకుని ఒక పక్క ఎత్తారు, నేను పుస్తకాలు దూర్చాను. అన్నయ్య నేలమీద వెల్లకిలా పడుకుని జేబుకత్తితో తను కొట్టిన గుడ్డని తనే కోసుకుంటూ పోయాడు. భుజం దాకా చెయ్యి లోపలికి పోయింది.

"ఉందా?" అన్నాను.

అన్నయ్య మొహం పక్కకి తిప్పి తడుముతున్నాడు.

"అన్నయ్యా, ఉందా?"

"ఉంది. చేతి బోలులో ఉంది. వెచ్చగా ఉంది." చెయ్యి కొంచెం లాగి చూశాడు. "నవారుకి గోళ్ళు వేసి పట్టుకుంది బుజ్జీ. వదలట్లేదు."

నేను రెండో పక్క నుంచి బోర్లా పడుకుని చెయ్యి పెట్టాను. ముందు నవారు తగిలింది, తర్వాత చెక్క, తర్వాత ఓ చెవి. చెవి నా వేళ్ళ కింద ఒకసారి కదిలింది. దాని మొహం కనబడదు. చెంప నేలకి ఆనించి ఎంత తల తిప్పినా నల్లగుడ్డ చీలికా, అవతల అన్నయ్య మెడా తప్ప ఏమీ కనబడలేదు. "మేస్త్రీ, నేనే" అన్నాను. గురగుర మొదలైంది. అంత బాధలో కూడా గురగురమంది. పిల్లులు హాయిగా ఉన్నప్పుడే కాదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడూ అలా అంటాయని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది.

డాక్టరమ్మ వచ్చేసరికి మేమలాగే ఉన్నాం. వదిన వెనక నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ ఏమీ అడగలేదు. సంచీ కిందపెట్టి, తనూ నేలమీద పడుకుని, టార్చి వేసి చాలాసేపు చూసింది, చెయ్యి పెట్టి తడిమింది.

"గోరు గోరూ విడదీసి లాగొచ్చు" అంది నెమ్మదిగా. "కానీ దానికి ఊపిరే అందట్లేదు. లాగడంలో నలిగిపోతుంది. నన్నడిగితే కదపొద్దు. దాగి ఉండాలనే అది ఇక్కడికి వచ్చింది. వెనక కాలు నాకు అందుతోంది. మీ చేతులు దాని మీదే ఉన్నాయి. ఇక్కడే చేసేద్దామా?"

"వద్దు" అన్నారెవరో.

అన్నయ్య అన్నాడనుకున్నాను. అందరూ నా వైపు చూస్తే అప్పుడు తెలిసింది, అన్నది నేనని.

"వద్దు. ఇంటికి తీసుకెళ్దాం. కోసి, సోఫా మొత్తం విప్పేసి తీద్దాం. ఇవాళ వద్దు. రేపు చూద్దాం. గురగురమంటోంది కదా, విన్నారు కదా మీరు కూడా. పొద్దున పాలు తాగింది." నా నోరు నా మాట వినడం లేదు. గొయ్యి తవ్వించింది నేను, పక్క కుట్టింది నేను, రాయిలా నిలబడి అందరికీ నచ్చజెప్పింది నేను. అదంతా ఎక్కడికి పోయిందో తెలియదు. దాని మొహం ఒక్కసారి చూడకుండా ఎలా పంపిస్తాను? నా ఒళ్ళో కదా పోవాలి? "దయచేసి వద్దండీ" అని చిన్నపిల్లలా ఏడ్చాను, టీచరమ్మ ముందు, ముక్కూ మొహం తెలియని ఆ పెద్దావిడల ముందు.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టింది.

"బుజ్జీ" అన్నాడు అన్నయ్య సోఫా అవతల నుంచి. "నువ్వు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కళ్ళెదురుగా ఉంటే ఇంకా కాస్త బాగానే ఉంది కదా అనిపించేది. రోజూ పట్టుకున్నాను, అయినా దాని మొహం చూస్తూ పట్టుకున్నాను. ఇప్పుడు చీకట్లో చెయ్యి ఒక్కటే ఉంది. చేతికి తెలుస్తోంది. లోపల ఏమీ మిగల్లేదమ్మా. ఉత్త చట్రం."

నేను ముక్కు భుజానికి తుడుచుకున్నాను.

"దీన్ని ఇందులో పెట్టి మూసింది నేను. పిన్నుల గన్ను చప్పుడుకి ఎంత బెదిరిందో. ఇంకోసారి దీన్ని బెదరగొట్టడం నావల్ల కాదు. నువ్వు ఊఁ అను."

నా చెయ్యి ఇంకా లోపలికి పెట్టాను, భుజం నొప్పి పుట్టేదాకా. దాని తల వెనక అన్నయ్య వేళ్ళు తగిలాయి. గోళ్ళ నిండా జిగురు ఎండిపోయిన గరుకు వేళ్ళు. వాటిని దాని మెడ కింద దిండులా పెట్టి కదలకుండా ఉంచాడు.

"ఊఁ" అన్నాను.

మొదటి మందుకి ఏమీ తెలియలేదు. కాసేపటికి గురగుర పలచబడింది. అన్నయ్య ఏదో చెబుతున్నాడు దానికి, మెల్లగా. ఏ సోఫా బాగాలేదని అది దిగిపోయిందో, ఏది నచ్చి రెండు రోజులు దిగకుండా కూర్చుంటే కస్టమర్ వచ్చి అరిచాడో. టీచరమ్మ కూడా వచ్చి నేలమీద కూర్చుంది. రెండో మందు డాక్టరమ్మ ఎప్పుడిచ్చిందో నాకు తెలియదు. నవారుని పట్టుకున్న గోళ్ళు ఒక్కొక్కటే వదిలాయి, ముందు అన్నయ్య వైపువి, తర్వాత నా వైపువి. దాని బరువంతా వచ్చి మా ఇద్దరి అరచేతుల్లో పడింది. ఏమంత బరువు లేదు.

"అయిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ.

"కాదు, ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాను నేను.

"కాసేపు ఉంటుంది."

ఆ కాసేపూ ఇద్దరం చెయ్యి తియ్యలేదు.